ఫజ్ పెడళ్ల తారతమ్య విచారము

విద్యార్థులారా! గిటారు నేర్చు మీలో కొందఱు నన్ను సమీపించి, "అయ్యా, పాతకాలపు ఫజ్ పెడళ్లలో నేది మేలైనది? మేమేది కొనవలయును?" అని యడుగుచుందురు. పెడల్ వెల తలిదండ్రుల కష్టార్జితము. కావున పేరుప్రతిష్ఠలను బట్టి గాక శాస్త్రమును బట్టి యుత్తర మీయదలచి యీ పాఠమును వ్రాయుచున్నాను.

మొదట ఫజ్ అన నేమో తెలిసికొందము. మన పాలమూరు సీమలో పండ్రెండు మెట్ల కిన్నెర కలదు. ఆ వాద్యవిద్యకుగాను దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ పురస్కారము లభించెను. కిన్నెర తీగ నాదమును సొరకాయ బుఱ్ఱలు పెద్దది చేయును. ఎలక్ట్రిక్ గిటారుకు బుఱ్ఱ లేదు. ఉక్కుతీగ కదలికను అయస్కాంతమును, దానిపై చుట్టిన రాగితీగయు విద్యుత్తరంగముగా మార్చును. ఆంప్లిఫయర్ దానిని పెంచి వినిపించును. ఈ రెంటి నడుమ పాదము క్రింద నుంచు చిన్నపెట్టెయే పెడల్.

నందికొండయొద్ద కృష్ణకు కట్టిన నాగార్జునసాగరమును మీరెల్లరు చూచియే యుందురు. దాని నిండు మట్టము 590 అడుగులు. జలాశయము నిండిన పిదప వరద వచ్చినచో, 26 గేట్లలో వలసినన్నిటి నెత్తి యదనపు నీటిని దిగువకు విడుతురు. మట్టమును ఆ హద్దు దాటనీయరు. ఆ దినముల నీటిమట్టమును గీతగా గీసినచో, దాని శిఖరము కోసినట్లు చదునుగా నుండును. ఫజ్ పెడల్ లోను నిట్లే జరుగును. ట్రాన్సిస్టర్లు తరంగమును మిక్కిలి పెంచును గాని, బ్యాటరీ యిచ్చు వోల్టుల హద్దును అది దాటజాలదు. శిఖరములు తెగి చదునగును. అట్లు తెగిన తరంగమునందు మూలస్వరమునకు రెండురెట్లు, మూడురెట్లు, అంతకు మించిన ఆవృత్తులు గల అనుస్వరములు బలపడును. చెవికది తుమ్మెద రొదవలె దోచును.

రొద దోషము గాదా యని యడుగవచ్చును. మన తంబురను జూడుడు. గుఱ్ఱముమీద తీగక్రింద నొక నూలుపోగు నుంచి, తీగ జుమ్మను తావు దొరకువఱకు దానిని జరుపుదురు. ఆ పోగు లేనిచో తంబుర మూగవోయినట్లుండును. తంబుర, వీణల గుఱ్ఱముల నిర్మాణము వలన అనుస్వరములు విశేషముగా పుట్టునని సి. వి. రామన్ గారు 1921లో ప్రకటించిరి. తంబురలో నూలుపోగు చేయు పనికి దగ్గఱి పనినే గిటారునకు పెడల్ చేయుచున్నది, సాధనమే వేఱు.

ఇక ముఖ్యమైన పెడళ్లు. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ గారి పాటలో, ధ్వనిముద్రణ యంత్రమునందలి లోపమువలన గిటారు బొంగురువోయెను. జనులకది నచ్చెను. ఆ ధ్వనిని కోరి పుట్టించుటకై 1962లో మేస్ట్రో ఫజ్ టోన్ వెలసెను. అందు మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. శక్తి 3 వోల్టులు. దాని ధ్వని పలుచన, కఱకు. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి పాటవలన అది లోకప్రసిద్ధమయ్యెను. ఆ యేడే లండన్ లో గారీ హర్స్ట్ గారు టోన్ బెండర్ ను నిర్మించిరి. దాని నాదము మఱింత నిండైనది. 1966లో వచ్చిన గుండ్రని ఫజ్ ఫేస్ నందు రెండే ట్రాన్సిస్టర్లు. గిటారుమీది వాల్యూము తగ్గించినచో దాని రొద సన్నగిల్లి, స్వరము తేటపడును. ఇది దాని గొప్ప గుణము. 1969 ప్రాంతమున న్యూయార్కులో పుట్టిన బిగ్ మఫ్ నందు నాలుగు సిలికాన్ ట్రాన్సిస్టర్లును, శిఖరములను గోయు డయోడులును గలవు. దాని నాదము దట్టము, దీర్ఘము. స్వరము చాలసేపు నిలుచును.

ఇపుడు మన ప్రాంతమునకు సంబంధించిన ముఖ్యవిషయము. ఒక వేసవిలో నొక విద్యార్థి, కూడబెట్టిన సొమ్ముతో జెర్మేనియం పెడల్ కొని తెచ్చెను. ఉదయము అది మధురముగా పలికెను. మధ్యాహ్నము రేకుల పందిరిక్రింద గొంతు బిగిసి, స్వరములు నడుమనే తెగిపోసాగెను. బాలుడు మోసపోతినని కంట తడి పెట్టెను. మోసము లేదు, అది జెర్మేనియం గుణము. జెర్మేనియం ట్రాన్సిస్టర్ నందు కొంత విద్యుత్తు పిలువకయే కారుచుండును. ఉష్ణము సుమారు 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారి యీ కారుడు రమారమి రెట్టింపగును. 25 డిగ్రీలయొద్ద నుండిన కారుడు, మన యెండలలో 45 డిగ్రీలు చేరునప్పటికి నాలుగురెట్లగును. అందువలన ట్రాన్సిస్టర్ పనిచేయు వోల్టుల నెలవు తప్పును. సిలికాన్ నందు కారుడు అత్యల్పము గనుక ఈ చిక్కు కనబడదు.

మఱియొక జాగ్రత్త: పాతరీతి జెర్మేనియం పెడళ్లు పెక్కింటిలో బ్యాటరీ ధనధ్రువము భూమికి చేరియుండును. అట్టిదానిని ఇతర పెడళ్లతో నొకే విద్యుత్ సరఫరాకు తగిలింపరాదు. వేఱు బ్యాటరీ వాడవలయును.

కాబట్టి నా నిర్ణయ మిది. చలికాలమున, చల్లని గదిలో వాయించువారికి జెర్మేనియం ఫజ్ ఫేస్ మృదుత్వము సాటిలేనిది. వేసవి పందిళ్లలో వాయింపవలసినవారు సిలికాన్ పెడల్ నే కొనుట మేలు. ఏది కొన్నను, కొనుటకు ముందొకసారి ఉదయమును, మఱల నెండవేళను వాయించి చూడుడు. ఆ బాలుడు నేడు అదే పెడల్ ను రాత్రివేళ వాయించుచున్నాడు. పగటికై మఱియొకదానికి మెల్లగా కూడబెట్టుచున్నాడు.