పైరు చిత్రమును తీగ లేక పంపు విధము

2021-22లో గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోటలను పాడుచేసిన నల్ల తామరపురుగును రైతు సోదరులు మఱచియుండరు. అది పూవులలో దాగును. పొడవు ఇంచుమించు ఒక మిల్లీమీటరు మాత్రమే. అట్టిదానిని నిపుణునకు చూపవలెనన్న ఛాయాచిత్రము స్పష్టముగ నుండుట చాలదు, చెడక చేరవలయును.

మేమొకప్పుడు మిరపపూవును కెమెరాతో చక్కగా తీసి, వాట్సప్‌లో సామాన్య చిత్రముగా పంపితిమి. అవతలివారికి పురుగునకు మాఱుగా నల్లని మచ్చయే కానవచ్చెను. రెండు దినములు సందేహములో గడచెను. ఈలోపల తోట యజమాని తోచిన మందు కొట్టెను, ఖర్చు వ్యర్థమయ్యెను. లోపము కెమెరాది కాదు. సామాన్యరీతిని పంపిన చిత్రమును వాట్సప్ కుదించును.

కావున ఇట్లు చేయవలయును:

1. కెమెరా తయారీదారుల ఆప్‌ను ఇంటివద్దనే ఫోనులోనికి దింపుకొనవలయును.

2. పొలమున కెమెరాలోని వై-ఫైని తెఱచి, ఫోనును దానితో కలుపవలయును. దీనికి ఇంటర్నెట్టు అక్కఱలేదు.

3. చిత్రమును అసలు పరిమాణముననే ఫోనులోనికి తీసికొనవలయును. కొన్ని ఆప్‌లు అడుగకయే చిన్నదిగా చేయును, ముందే చూచుకొనుడు.

4. పిమ్మట కెమెరా వై-ఫైని విడిచి, వాట్సప్‌లో 'డాక్యుమెంటు'గా పంపవలయును. అట్లు పంపిన చిత్రము కుదింపబడదు.

పూవు, ఆకు అడుగుభాగము, మొత్తము మొక్క, ఈ మూడు చిత్రములు చాలును. కొట్టిన మందుల పేర్లు, తేదీలు తోడుగ వ్రాయుడు. అప్పటికిని సందేహము తీఱనిచో పూవులనే కవరులో పెట్టి, లాం వ్యవసాయ పరిశోధనా స్థానమునకు కొనిపోవుట మేలు. పురుగు తెలియక మందు కొనరాదు.