మర్రిచెట్టు చుట్టాలు

తమిళనాడులో, తేని జిల్లాలోని ఒక పల్లె. చెరువు గట్టున పెద్ద మర్రిచెట్టు ఉంది. పగలంతా దాని కొమ్మలకు వందలాది గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. ఆ దారిన బడికి వెళ్లే ఒక బాలికకు అవంటే భయం. గబ్బిలం ఇంట్లోకి వస్తే అరిష్టమని అవ్వ చెప్పగా విన్నది. చెట్టు దగ్గరకు రాగానే పరుగెత్తేది.

ఒకనాడు పరుగెత్తబోయి ఆగింది. ఒక తల్లి గబ్బిలం రొమ్మును చిన్నపిల్ల కరచుకొని ఉంది. తల్లి దానిమీద రెక్కను దుప్పటిలా కప్పింది. బాలిక చాలాసేపు చూస్తూ నిలబడింది.

“అయ్యవారూ! పక్షి కూడా పాలిస్తుందా?” అని బడిలో అడిగింది.

“గబ్బిలం పక్షి కాదమ్మా. పిల్లను కని పాలిచ్చే జంతువు. అలాంటి జంతువుల్లో నిజంగా ఎగరగలిగేవి గబ్బిలాలే. పొడవైన వేళ్ల మధ్య సాగిన చర్మమే వాటి రెక్క. మన మర్రిమీద ఉన్నవి పండ్లు తినేవి. సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. దూరం నుంచే చూడు. తాకకూడదు. అవి కొరికిన పండు తినకూడదు” అన్నారు అయ్యవారు.

తరువాత వాళ్ల కొండల కథే చెప్పారు. మేఘమలైలో 1948లో ఒక గబ్బిలం దొరికింది. అందరూ ఎరిగిన జాతేననుకొని దాన్ని బొంబాయిలో భద్రపరిచారు. తరువాత థాయిలాండ్ శాస్త్రవేత్త కిట్టి తాంగ్‌లాంగ్యా శ్రద్ధగా పరిశీలించి, అది కొత్త జాతి అని 1972లో ప్రకటించాడు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు దానికి పెట్టాడు.

“ఇరవై ఏళ్లకు పైగా కళ్లెదుటే ఉన్నా పోల్చుకోలేదన్నమాట!” అనుకున్నది బాలిక. ఆనాటి నుంచి రోజూ మర్రి దగ్గర కాసేపు ఆగేది.

కొన్నాళ్లకు పెరటి జామ కాపుకు వచ్చింది. గబ్బిలాలు పండ్లు కొరికి పడేస్తున్నాయి.

“రేపు మర్రి కింద టపాకాయలు కాల్చి తరిమేస్తాను” అన్నాడు తాత.

బాలిక గుండె గుభేలుమన్నది.

“తాతా, మన వాకిట్లో వేపచెట్టు ఎవరు నాటారు?”

“ఎవరూ నాటలేదు. దానంతటదే మొలిచింది.”

“గింజ దానంతటదే నడిచి రాదు కదా! మర్రి కింద ఎన్ని వేపగింజలు రాలి ఉన్నాయో చూశాను. మన చెట్టు గింజను కూడా పక్షులో, ఇవో తెచ్చి ఉంటాయి.”

తాత మాట్లాడలేదు. రోజూ మధ్యాహ్నం ఆయన మంచం వేసుకొనేది ఆ వేప నీడలోనే. మరునాడు సంత నుంచి టపాకాయలు తేలేదు. చిన్న కన్నుల వల తెచ్చి జామచెట్టుకు బిగించి కట్టాడు.

ఇప్పుడు సందెవేళ తాతా మనుమరాలూ గట్టుమీద కూర్చొని ఎగిరిపోయే గబ్బిలాలను లెక్కపెడుతుంటారు. ఇద్దరి లెక్కా ఏనాడూ కలవదు.

ఆలోచించి చెప్పండి

1. బాలిక భయం ఎప్పుడు, ఎలా పోయింది?
2. తాత మనసు ఎందుకు మారింది?
3. మీ ఊరిలో ఎవరూ నాటకుండా మొలిచిన చెట్టును గురించి ఐదు వాక్యాలు రాయండి.