నియామక పత్రమునకై నిరీక్షణ - కాయక దృష్టి

ఉద్యోగమునకు దరఖాస్తు చేయుట ఒక పని. ఇంటర్వ్యూకు హాజరగుట మరియొక పని. ఈ రెండింటి తరువాత వచ్చు నిరీక్షణ మాత్రము పని వలె కనిపించదు. కాని పెక్కు కుటుంబములకు మొదటి రెండింటి కన్న మూడవదియే భారమైనది. దరఖాస్తునకు గడువు కలదు, ఇంటర్వ్యూకు తేదీ కలదు. నిరీక్షణకు మాత్రము గడువును ఎవరును చెప్పరు.

మదనపల్లెలో బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల 1915లో వెలసినది. కుప్పములో ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో ఏర్పడినది. అయినను ఈ సీమలో చదువు ఊరికి దగ్గరైనంతగా కొలువు దగ్గర కాలేదు. కుప్పము యువకుడు చెన్నై-బెంగళూరు రైలు మార్గము మీద ప్రయాణము చేసి ఇంటర్వ్యూకు పోవును. మదనపల్లె, పుంగనూరు యువతీయువకులు బస్సెక్కుదురు. బెంగళూరు ఇంచుమించు 100 కిలోమీటర్ల దూరముననే యున్నది గనుక పోయిన మనిషి ఆ రాత్రికే ఇల్లు చేరును. సమాధానము మాత్రము వారములు గడచినను ఇల్లు చేరదు.

ఒకప్పుడు ఇంటివారు తపాలా బంట్రోతు సైకిలు గంటకై చెవి యొగ్గెడివారు. ఇప్పుడు చేతిలోని ఫోను వైపు చూచుచున్నారు. సాధనము మారినది గాని వేదన మారలేదు. ఈ ప్రాంతపు రైతు కుటుంబములకు వేచియుండుట క్రొత్త కాదు. పట్టుపురుగు గుడ్డు పగిలిన నాటి నుండి సుమారు 25 దినములలో, నాలుగు మారులు కుబుసము విడిచి, గూడు అల్లనారంభించును. ఆ దినములన్నియు మల్బరీ ఆకు కోసి మేపుటతోనే గడచును. అక్కడ గడువు తెలియును, చేయవలసిన పనియు తెలియును. ఉద్యోగార్థికి ఆ రెండును తెలియవు. అందువలననే అతని నిరీక్షణ అంతగా బాధించును.

ఈ బాధ ఎంత దూరము పోగలదో తెలుపుటకు 1998 నాటి డి.ఎస్.సి. ఉదంతము చాలును. ఆ ఏడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ నియామకములకు వ్రాతపరీక్షయు, ఇంటర్వ్యూయు జరిగినవి. అర్హత మార్కుల విషయమున, ఎంపిక జాబితాల విషయమున వివాదములు చెలరేగినవి. అర్హులమని నమ్మిన వేలాది మంది న్యాయస్థానముల చుట్టును, కార్యాలయముల చుట్టును తిరిగిరి. కడకు 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారి నియామకమునకు ఆమోదము తెలిపినది. 2023లో కనీస వేతన స్కేలుపై, ఒప్పంద పద్ధతిన వారిని చేర్చుకొన్నది. నడుమ గడచినవి ఇరువది నాలుగేండ్లు. యౌవనములో పరీక్ష వ్రాసినవారు తల నెరసిన పిమ్మట బడిలో అడుగుపెట్టిరి. వారి పోరాటము న్యాయమైనదే. అయినను గడచిన వయస్సును ఏ ఉత్తరువును తిరిగి యియ్యజాలదు.

చట్టము ఏమి చెప్పుచున్నదో కూడ తెలిసికొనుట మేలు. 1991లో శంకర్‌సన్ దాష్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఒక సూత్రమును స్పష్టపరచినది. ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రమున ఉద్యోగముపై తిరుగులేని హక్కు ఏర్పడదు. అయితే ప్రభుత్వము ఇచ్చవచ్చినట్లు నడచుకొనరాదు, ఖాళీలను నింపకుండుటకు తగిన కారణము ఉండవలెను. జాబితాలో పేరున్నవాని స్థితియే ఇట్టిదైనప్పుడు, ఇంటర్వ్యూలో పెద్దలు చిరునవ్వు నవ్విరనియో, జీతమెంత కావలెనని అడిగిరనియో ఉద్యోగము వచ్చినట్లే తలచుట తగదు. సమాధానము రాకున్నంతనే తిరస్కరించిరని తలచుటయు అంతే తొందరపాటు. మౌనము అంగీకారము కాదు, నిరాకరణయు కాదు. పై అధికారి సంతకము కాలేదేమో, మరియొక అభ్యర్థి నిర్ణయము తెలియలేదేమో, ఆ ఖాళీయే నిలిపివేయబడినదేమో!

ఇచ్చట కాయక సిద్ధాంతము దారి చూపగలదు. కాయకమనగా ఉద్యోగము మాత్రమే కాదు. శ్రద్ధతోను, సత్యముతోను చేసి, దాని ఫలములో కొంత దాసోహమునకు అర్పించు ఏ పనియైనను కాయకమే. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులో భండారి పదవి వహించెను. ఆయన చుట్టును చేరిన శరణులలో నులియ చందయ్య త్రాళ్లు పేని జీవించెను. శరణుల దృష్టిలో భండారి పదవికిని, త్రాళ్లు పేనుటకును హెచ్చుతగ్గులు లేవు. చందయ్య గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీటిలో జారిపడినదనియు, అయినను ఆయన కాయకమును ఆపలేదనియు సంప్రదాయము చెప్పుచున్నది. పదవి నిచ్చువాడు వేరొకడు. పని చేయువాడు తానే. ఆ పదవి వచ్చునో రాదో అన్న చింతలో చేతిలోని పనిని విడిచినవాడు రెండింటిని పోగొట్టుకొనును.

కావున అభ్యర్థి చేయదగినవి కొన్ని కలవు. ఇంటర్వ్యూ ముగియగానే, ఫలితము ఎప్పటికి తెలియునని వినయముగా అడిగి ఆ తేదీని వ్రాసికొనవలెను. ఆ తేదీ దాటి ఒక వారము గడచిన పిదప ఇంటర్వ్యూ జరిగిన దినము, ఉద్యోగము పేరు తెలుపుచు ఒక చిన్న లేఖ పంపవచ్చును. దినదినము ఫోను చేయుట తగదు. ప్రభుత్వ కార్యాలయమైనచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద, ఎంపిక ఏ దశలో నున్నదని అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెనని ఆ చట్టము విధించుచున్నది. ఈలోగా ఇతర దరఖాస్తులను ఆపరాదు. ఇప్పుడున్న పనిని నియామక పత్రము చేతికి అందకముందే మానుకొనరాదు. ఉద్యోగము ఖాయము చేయుదుమని సొమ్ము అడుగువారిని నమ్మరాదు. నిరీక్షించువాని ఆత్రమే వారికి పెట్టుబడి.

పొలము పనియో, పాడి పనియో, మదనపల్లె మార్కెట్టులో టమాట లెక్కలు వ్రాయు పనియో, పొరుగు పిల్లలకు పాఠము చెప్పు పనియో దొరికినచో దానిని తక్కువగా చూడరాదు. అది నిరీక్షణకు ప్రత్యామ్నాయము కాదు. నిరీక్షించు మనిషిని నిలబెట్టునది.

కుటుంబమునకును ఒక ధర్మము కలదు. “ఏమైనది? ఉత్తరము వచ్చినదా?” అని ఉదయసాయంత్రములు అడుగుట ప్రేమతోనే కావచ్చును. కాని ఆ ప్రశ్న వినువానికి నింద వలె తోచును. వార్త వచ్చినచో అతడే ముందుగా చెప్పును. ఆయ్దక్కి మారయ్య అనుభవ గోష్ఠిలో మునిగి పనిని మరచినప్పుడు భార్య లక్కమ్మ ఆయనకు కాయకమును గుర్తు చేసెనని ప్రసిద్ధి. ఆమె గుర్తు చేసినది పనిని గాని, ఫలితమును కాదు. ఇంటిలోని పెద్దలు ఈ భేదమును గ్రహింపవలెను. “ఈ దినము మనము చేయవలసినది ఏమి?” అను మాట బిడ్డకు బలమిచ్చును. “ఇంకను రాలేదా?” అను మాట ఆ బలమును హరించును.

ఇంతవరకు చెప్పినది వేచియుండువారికి. వేచియుండునట్లు చేయువారికిని కొంత చెప్పవలసియున్నది. సమాజములో అంగళ్లు, మిల్లులు నడుపువారు కలరు. మఠములు పాఠశాలలను, వసతిగృహములను నడుపుచున్నవి. వారును ఉపాధ్యాయులను, గుమాస్తాలను పిలిచి ప్రశ్నించుచున్నారు. పది మందిని పిలిచి ఒకని నియమించినప్పుడు, తక్కిన తొమ్మిది మందికి రెండు వాక్యముల ఉత్తరము వ్రాయుటకు అగు వ్యయమెంత? ఆ ఉత్తరము రాని కారణమున తొమ్మిది ఇండ్లలో పెండ్లి మాటలు ఆగవచ్చును, వేరొక అవకాశము జారిపోవచ్చును. లేదు అను మాట కఠినమే. కాని అది మనిషిని విడుదల చేయును. మౌనము కట్టివేయును. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట దాసోహమైనచో, సమాధానమునకై ఆకలిగొన్నవానికి సకాలమున సత్యము చెప్పుటయు ఆ కోవకే చెందును.

కావున పిలుచువారు తేదీ చెప్పి పిలువవలెను, చెప్పిన తేదీకి ఫలితము తెలుపవలెను, ఆలస్యమైనచో ఆ సంగతినైనను తెలుపవలెను. వేచియుండువారు ఒకమారు అడుగవలెను, పలుచోట్ల ప్రయత్నింపవలెను, చేతిలోని పనిని విడువకుండవలెను. అప్పుడు నియామక పత్రము వచ్చినను, రాకున్నను, ఆ నడుమ గడచిన దినములు వ్యర్థము కావు.