మన వాడలో వాళ్ళకూ ఓ ఇల్లు

వార్షిక సంచికకు చదువుకు సంబంధించింది ఏదైనా రాయమన్నారు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు. పీజీలో చదివిన చట్టాల్లోంచి మన ఊళ్ళకు పనికొచ్చే ఒక సంగతి రాస్తున్నాను.

సిరిసిల్ల మరమగ్గాల వాడల్లోగానీ, కోరుట్ల, జగిత్యాలల్లో బీడీలు చేసే ఇండ్లల్లోగానీ బుద్ధిమాంద్యం ఉన్న కొడుకునో బిడ్డనో నలభై ఏండ్లు వచ్చినా సాకుతున్న తల్లులు కనిపిస్తారు. తోడబుట్టినవాళ్ళు గల్ఫ్‌కో భీవండికో పోయి ఉంటారు. "నేను పోతే వీణ్ణి ఎవరు చూస్తరు?" అన్నదే ఆ తల్లి బెంగ.

దీనికి ఒక జవాబు సామూహిక గృహం, అంటే గ్రూప్ హోమ్. ఇది ఆసుపత్రి కాదు, అనాథాశ్రమం కాదు. మామూలు కాలనీలో ఒక ఇల్లు, అందులో కొద్దిమంది, వంటకూ మందులకూ సాయపడే ఒకరిద్దరు మనుషులు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. వీరికి సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీలో కలెక్టర్ స్థాయి అధికారి ఉంటారు. పెద్దవయసు వారి గృహాల కోసం 'ఘరౌందా' పథకం తెచ్చింది కూడా ఆ ట్రస్టే.

చిక్కంతా ఇల్లు దొరికే దగ్గర. ఓనరు ఒప్పుకున్నా కాలనీ సంఘం అడ్డుపడవచ్చు. "పిల్లలు భయపడతరు", "ప్లాట్ల రేటు పడిపోతది" అంటారు. ఈ మాటలు మనకేమీ కొత్తగావు. మన హాస్టల్ పిల్లలు అద్దెకు గది అడిగినప్పుడూ ఇలాంటివే వినిపిస్తాయి, కాకపోతే అక్కడ వెనుక ఉండేది కులం.

అమెరికాలో ఇలాంటి తగాదా ఒకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. మన తెలుగువాళ్ళు ఎందరో ఉంటున్న డల్లాస్ ప్రాంతంలోనే క్లీబర్న్ అనే చిన్న పట్టణం ఉంది. 1980లో అక్కడ ఒకామె ఇల్లు కొని, బుద్ధిమాంద్యం ఉన్న 13 మంది స్త్రీపురుషుల నివాసానికి ఇవ్వబోయింది. ప్రత్యేక అనుమతి కావాలన్న పట్టణ కౌన్సిల్, అడిగాక 3–1 ఓట్లతో కాదన్నది. అదే చోట అపార్టుమెంటుకు, విద్యార్థుల వసతిగృహానికి, ఆసుపత్రికి ఆ అనుమతే అక్కరలేదు! కారణాలేమిటంటే, ఇరుగుపొరుగుకు ఇష్టం లేదట, ఎదురుగా బడి ఉందట, అక్కడి పిల్లలు వీళ్ళను ఏడిపిస్తారట, 500 ఏండ్లకోసారి వచ్చే వరదలో ఆ స్థలం మునుగుతుందట. 1985 జూలై 1న తీర్పు వచ్చింది. ఆ బడిలోనే బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు సుమారు 30 మంది చదువుతున్నారని కోర్టు గుర్తుచేసింది. వరద వస్తే ఆసుపత్రిని మాత్రం వదులుతుందా? పొరుగువాళ్ళ భయం, అయిష్టం అనుమతి నిరాకరించడానికి కారణాలు కావని చెప్పి ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. 1988లో గృహవివక్ష చట్టాన్ని సవరించి వికలాంగులనూ చేర్చడంతో ఇండ్ల యజమానుల సంఘాలకూ కళ్ళెం పడింది.

ఇక మన దగ్గర. సంఘం బైలా రాసుకోవచ్చు, నిజమే. సభ్యత్వం పార్సీలకే అన్న ఒక హౌసింగ్ సొసైటీ నిబంధనను 2005లో మన సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. నాకైతే ఆ తీర్పు మింగుడుపడలేదు. కానీ వికలాంగుల విషయంలో 2016 నాటి హక్కుల చట్టం ఉంది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చింది. వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని 3వ సెక్షన్, సమాజం మధ్య బతికే హక్కు వారికుందని 5వ సెక్షన్ చెబుతున్నాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్ళీ చేస్తే 50,000 నుండి 5 లక్షల దాకా జరిమానా. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలల నుండి 5 ఏండ్ల జైలు.

ఎవరైనా ఇల్లు ఇవ్వనివ్వకపోతే, కారణం కాగితం మీద రాసి ఇమ్మని సంఘాన్ని అడగాలి. రాసిచ్చినా, ఇవ్వకపోయినా, తేదీతో సహా వివరాలు పెట్టి కలెక్టర్‌కు, వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. విచారణలో సాక్షులను పిలవడానికి, కాగితాలు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. చదువురాని తల్లులకు ఆ దరఖాస్తు రాసిపెట్టడం మన పదో తరగతి పిల్లలకు కూడా చేతనైన పనే.