పర్యావరణ నివేదికను రైతు ఎట్లు చదువవలెను?

హైదరాబాదు పాతబస్తీ దాటి దక్షిణముగా పోయిన కొలదీ నిన్నటి చెలకలలో నేడు ప్రహరీ గోడలు లేచుచున్నవి. జల్‌పల్లి, బాలాపూర్, శంషాబాద్ ప్రాంతములలో ఇంకను కూరగాయలు, పశుగ్రాసము పండించుచున్న రైతులు మా కార్యాలయమునకు వచ్చినప్పుడు, ఎరువుల మాట అయిన తరువాత తరచు ఒక ప్రశ్న వేయుదురు: "మా పక్క సర్వే నంబరులో పెద్ద కట్టడము వచ్చుచున్నది. పర్యావరణ అనుమతి కూడ అయినదట. ఇక మేము చేయునదేమి?" ఏ కాగితము చూచి అనుమతి ఇచ్చిరి, ఆ కాగితము వ్రాసినవారెవరు అని తిరిగి అడిగినచో సమాధానము ఉండదు. మీ బావిలోని నీటికి, మీ పొలము గట్టు వెంట పోవు వరద కాలువకు ఆ కాగితముతో సంబంధమున్నది. కాబట్టి అది ఎట్లు తయారగునో, దానిలో మీరు చూడవలసినది ఏదో ఇచ్చట వివరించుచున్నాను.

నిపుణుని పిలిచి నివేదిక వ్రాయించు పద్ధతి మనకు క్రొత్తది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసినది. సుమారు 15,000 మంది మరణించిరి. మరుసటి సంవత్సరము నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని సలహా కొరకు పిలిపించినది. ఆయన నగరములోని నష్టమును చూచి ఊరకుండక, నదికి నీరు వచ్చిన దారులను ఎగువ వరకు లెక్క తీసినారు. శంషాబాద్‌లో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళముల వాన. పరివాహక ప్రాంతములో 788 చెరువులు, అనగా ఇంచుమించు చదరపు మైలుకు ఒకటి. వానిలో 221 తెగినవి. ఎగువ చెరువు తెగి దిగువ చెరువుపై పడును, అది తాళలేక తెగును. గొలుసుకట్టు చెరువుల సంగతి ఎరిగిన మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఆ లెక్కల మీదనే నగరమునకు ఎగువన జలాశయములు కట్టవలెనను సూచన నిలిచినది. 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి.

నా దృష్టిలో మంచి నివేదికకు అదే కొలత. కట్టబోవు స్థలమును మాత్రమే గాక, దాని ఎగువను, దిగువను కూడ చూచినదా లేదా అని చూడవలెను.

ఇప్పటి నిబంధన

పర్యావరణ ప్రభావమును ముందుగా మదింపు చేయవలెనను ఉత్తర్వు మన దేశములో 1994 జనవరి 27న మొదట వచ్చినది. దాని స్థానములో 2006 సెప్టెంబరు 14న వచ్చిన నోటిఫికేషను, అనేక సవరణలతో, నేటికిని అమలులో ఉన్నది. దాని ప్రకారము 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణ విస్తీర్ణము గల కట్టడమునకు ముందుగా పర్యావరణ అనుమతి కావలెను. ఇది నేల విస్తీర్ణము కాదు, అంతస్తులన్నియు కూడిన విస్తీర్ణము. ఎకరము నిండుగా అయిదు అంతస్తులు లేపినచో ఇంచుమించు ఈ లెక్కకు వచ్చును. 1,50,000 చదరపు మీటర్లు గాని, 50 హెక్టార్లు (సుమారు 123 ఎకరములు) గాని దాటిన పెద్ద కాలనీలకు పూర్తి ప్రభావ మదింపు నివేదిక కావలెను. సామాన్యముగా రాష్ట్ర స్థాయి నిపుణుల సంఘము పరిశీలించి సిఫారసు చేయగా, రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు సంస్థ అనుమతి ఇచ్చును.

ఇది కట్టడపు ప్లాను అనుమతి కాదు. అది హెచ్.ఎం.డి.ఏ. లేదా స్థానిక పురపాలక సంస్థ ఇచ్చునది. చెరువు, నాలాల నుండి విడువవలసిన దూరము దానిలో చూతురు. 2012 నాటి జి.ఓ. 168 ప్రకారము 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులు, కుంటలు, శిఖం భూముల నుండి 9 మీటర్లు వదలవలెను. పర్యావరణ అనుమతికి పత్రములు సిద్ధము చేయుటలో పర్యావరణ సలహాదారు సంస్థ పాత్ర నేడు చాల పెద్దది. వీరినే జనులు కన్సల్టెంట్లు అందురు.

ఈ సలహాదారులు నేల, నీరు, గాలి, చెట్టుచేమ, జనుల బ్రతుకుతెరువు మున్నగువానిని పరిశీలించి నివేదిక వ్రాయుదురు. ప్రభావ మదింపు నివేదికలు తయారుచేయు సంస్థకు భారత నాణ్యతా మండలికి చెందిన నాబెట్ గుర్తింపు ఉండవలెను. నివేదికలో ఏ విషయమును ఏ నిపుణుడు చూచెనో పేరు, సంతకముతో ప్రకటన ఉండును. భూగర్భ జలమునకు ఒకరు, భూ వినియోగమునకు ఒకరు, భూసంరక్షణకు ఒకరు ఉందురు. అయితే వీరికి రుసుము ఇచ్చువాడు కట్టడము కట్టువాడే. అందుచేత నివేదిక అబద్ధమని కాదు. నేను చూచిన కొన్ని నివేదికలలో భూగర్భ జల పటములు మా శాఖ పటముల కంటె శ్రద్ధగా గీయబడినవి. మరికొన్నిటిలో, రెండు కార్లు నీటి తడి వరి పండిన భూమిని "బీడు" అని ఒక్క మాటలో తేల్చివేసిరి. చదువనిదే ఏది ఏదో తెలియదు.

వానకాలము లేని లెక్క

ఇచ్చట రైతు ప్రత్యేకముగా గమనించవలసిన సంగతి ఒకటి కలదు. ప్రభావ మదింపు నివేదికకు ఆధారముగా నేల, నీరు, గాలి నమూనాలను సాధారణముగా ఒక్క ఋతువులో, అదియు వర్షాకాలము కాని ఋతువులో సేకరింతురు. గాలిలోని ధూళిని కొలుచుటకు ఇది తగియే ఉన్నది. కాని మన చెరువు సంగతి వేరు. ఫాల్గుణములో చూచినవానికి శిఖము మైదానముగా కనిపించును. గొర్రెలు మేయుచుండును, పిల్లలు క్రికెట్ ఆడుచుందురు. భాద్రపదములో అదే చోట నిలువెత్తు నీరుండును. అలుగు పారిన నీరు ఏ దారిన పోవునో ఎండాకాలములో వచ్చిన క్రొత్తవానికి కనబడదు. గట్టు మీద నలుబది ఏండ్లు నడచిన మీకు తెలియును.

2020 అక్టోబరు 13న పడిన కుండపోతకు పల్లె చెరువు తెగి పాతబస్తీ దక్షిణమున అల్‌జుబైల్ కాలనీ మునిగినది. కొద్ది రోజులకే గుర్రం చెరువుకు గండి పడి హఫీజ్‌బాబానగర్ ఇండ్లలోనికి నీరు వచ్చినది. ఆ బస్తీలలోని ఇండ్లు విడివిడిగా చిన్నవి. నూరు గజముల ఇంటికి పర్యావరణ నివేదిక ఎవరును అడుగరు. అట్టివి వేలకొలది చేరినప్పుడు నీటి దారి ఏమగునో లెక్క వేయు బాధ్యత ఏ ఒక్క సలహాదారుపైనను పడదు. ఇది నిబంధనలోని పెద్ద లోటు అని నా అభిప్రాయము.

నీటి లెక్క మీరే వేసి చూడవచ్చును. ఒక ఎకరముపై 10 సెంటీమీటర్ల వాన పడినచో సుమారు 4 లక్షల లీటర్ల నీరు. దున్నిన ఎర్రచెలకలో దానిలో కొంత ఇంకును, కొంత గట్టు వద్ద నిలుచును. అదే ఎకరమున సిమెంటు పరచినచో ఇంచుమించు అంతయు వెంటనే దిగువకు పోవును. పది ఎకరములకు 40 లక్షల లీటర్లు. ఆ నీటిని ఎంత సేపు ఎక్కడ నిలుపుదురు, ఎన్ని ఇంకుడు గుంతలు త్రవ్వుదురు, మిగిలినది ఏ నాలాలో కలుపుదురు అను ప్రశ్నలకు నివేదికలో అంకెలతో సమాధానముండవలెను.

ఆముదపు కర్మాగారము కథ

ఇద్దరు నిపుణులు రెండు విధములుగా చెప్పినప్పుడు ఏమి చేయవలెను? దీనికి దేశమంతయు నేటికిని చెప్పుకొను వ్యాజ్యము మన శంషాబాద్ మండలములోనే పుట్టినది. 1993లో ఒక నూనెల కంపెనీ హిమాయత్‌సాగర్ పరివాహక ప్రాంతములో 12 ఎకరములు కొన్నది. మన తెలంగాణ మెట్ట రైతులు పండించు ఆముదముల నూనె నుండి హైడ్రోజన్ చేర్చిన నూనె, కొవ్వు ఆమ్లములు తయారు చేయుట వారి ఉద్దేశము. ఆముదమునకు మంచి ధర వచ్చునేమో అని మన శాఖవారికి ఆశ పుట్టవలసిన పరిశ్రమయే. కాని ఆ పనిలో నికెల్ ఉత్ప్రేరకము వాడుదురు; వాడిన నికెల్ వ్యర్థముగా మిగులును. అది నీటిలో చేరినచో తిరిగి తీయుట సులభము కాదు.

1996 మార్చి 8న వచ్చిన జి.ఓ. 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టును 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, కాలుష్య పరిశ్రమలను నిషేధించినది. 1997లో ఈ ఒక్క కంపెనీకి మినహాయింపు దొరికినది. కాలుష్య నియంత్రణ మండలి మాత్రము సమ్మతి నిరాకరించినది. అప్పీలు అధికారి ముందు ఒక శాస్త్రజ్ఞుడు, కంపెనీ వాడు పద్ధతి ఆధునికమైనది, హాని లేనిది అని ప్రమాణ పత్రము ఇచ్చెను. దానిపై 1998లో కంపెనీ గెలిచినది.

మండలి సుప్రీం కోర్టుకు పోయినది. 1999 జనవరి 27న కోర్టు చెప్పినది ఇది: శాస్త్రము తేల్చి చెప్పలేని చోట జాగ్రత్త వైపే మొగ్గవలెను, ఉన్న స్థితిని మార్చదలచినవాడే తన పని వలన హాని లేదని రుజువు చేయవలెను. అటుపై ఇతర నిపుణ సంస్థల నివేదికలు తెప్పించిరి. వానిలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఒకటి. 2000 డిసెంబరు 1న తుది తీర్పులో ఆ మినహాయింపు చెల్లదనిరి. సుమారు 50 లక్షల మంది త్రాగు నీటి ఎదుట ఒక పరిశ్రమ నిలువలేకపోయినది.

2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 ద్వారా ఆ గ్రామములలోని ఆంక్షలను, జలాశయముల నీరు చెడరాదను షరతుతో ప్రభుత్వము ఎత్తివేసినది. మొత్తముగా వద్దన్నచోట నివేదికతో పని లేదు. షరతులతో సరే అన్నచోట ప్రతి షరతును కొలిచి చెప్పవలసినది నివేదికయే. కావున ఈ ప్రాంతపు రైతులకు దీనితో పని పెరుగును గాని తగ్గదు.

మీరు చేయదగినవి

పరిశ్రమలు, పెద్ద క్వారీల వంటివానికి ప్రజాభిప్రాయ సేకరణ జరుగును. కనీసము 30 రోజులు ముందుగా పత్రికలలో ప్రకటింతురు. ముసాయిదా నివేదిక కలెక్టరు కార్యాలయము, జిల్లా పరిశ్రమల కార్యాలయము మున్నగు చోట్ల చూచుటకు ఉంచుదురు. దాని సారాంశము స్థానిక భాషలోను ఉండును. సభకు కలెక్టరుగాని, అదనపు కలెక్టరుకు తక్కువ కాని అధికారిగాని అధ్యక్షత వహించును. చెప్పిన మాటలను వీడియో తీసి, చివర సారాంశమును తెలుగులో చదివి వినిపింపవలెను. మీరు చెప్పిన సంగతి అందులో రానిచో అప్పుడే లేచి అడుగుడు. వ్రాతమూలకముగా ఇచ్చిన దానికి రశీదు తీసికొనుడు.

కట్టడములకు, కాలనీలకు మాత్రము ఈ సభ లేదు. అందుచేత పాతబస్తీ శివారు రైతునకు ముందుగా తెలియు అవకాశము తక్కువ. కేంద్ర ప్రభుత్వపు పరివేష్ వెబ్‌సైటులో దరఖాస్తులు, నివేదికలు ఉండును. చదువుకొన్న మీ పిల్లలచేత గ్రామము పేరుతో వెదకించుడు. నివేదికలోని పటమును గ్రామ నక్షాతో పక్కపక్కన పెట్టి, నక్షాలో ఉన్న వాగు, నాలా, కుంట పటములో ఉన్నవో లేవో మొదట చూడుడు. తరువాత నమూనాలు తీసిన నెల, బావుల లోతు, మురుగును శుద్ధి చేసిన తరువాత మిగులు నీరు పోవు చోటు చూడుడు. ముఖ్య విషయమును దాచినను, తప్పు సమాచారము ఇచ్చినను దరఖాస్తు తిరస్కరించుటకు, ఇచ్చిన అనుమతిని రద్దు చేయుటకు 2006 నోటిఫికేషనులోనే వీలున్నది. అనుమతి వచ్చిన 30 రోజులలో చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల పీఠమునకు అప్పీలు చేయవచ్చును. తగిన కారణమున్నచో మరి 60 రోజులు గడువు ఇత్తురు.

ఇవన్నియు చేయుటకు మీ చేతిలో మీ లెక్క ఉండవలెను. పక్కన పని మొదలుకాక ముందే వానకు ముందొకసారి, వాన వెలిసిన తరువాత ఒకసారి మీ బావి నీటి మట్టమును తాడుతో కొలిచి తేదీతో వ్రాసికొనుడు. నమూనా కొరకు బోరు మోటారును పది నిమిషములు ఆడించి, శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, అంచు వరకు నింపి బిరడా బిగించుడు. సీసాపై పేరు, గ్రామము, సర్వే నంబరు, తేదీ వ్రాసి మీ మండల వ్యవసాయాధికారి ద్వారా పరీక్షకు పంపుడు. లవణ సాంద్రత, సోడియం లెక్క వచ్చిన చీటీని పట్టాదారు పాసు పుస్తకముతో కలిపి దాచుకొనుడు. తేదీ ఉన్న ఆ చీటీ లేనిచో, తరువాత నీరు చెడినదని చెప్పినను ముందు ఎట్లుండెనో చూపుటకు ఆధారముండదు.