బైపాస్ తర్వాత నీరసం బద్ధకం కాదు

ఆపరేషన్ అయి నెల దాటింది. కుట్లు మానాయి, అంతా బాగుందని డాక్టరుగారు చెప్పారు. అయినా నాన్న స్నానం చేసి రాగానే మంచం మీద కూలబడిపోతున్నారు. ఇంట్లో విసుగు మొదలయ్యేది సరిగ్గా ఇప్పుడే. "ఫలానా ఆయన పదిహేను రోజులకే స్కూటర్ ఎక్కాడు" అని ఎవరో ఒకరు అననే అంటారు. దయచేసి ఆ మాట మీ నోట రానివ్వకండి.

ఛాతీ మధ్య ఎముకను నిలువునా కోసి, మళ్లీ తీగలతో బిగించారు. అది అతుక్కోవడానికే 6 నుంచి 12 వారాలు పడుతుంది. కాలి నుంచి రక్తనాళం తీసి ఉంటే అక్కడొక గాయం. ఆపరేషన్‌లో పోయిన రక్తం ఇంకా పూర్తిగా పట్టి ఉండదు. వెల్లకిలా పడుకోవాల్సి రావడంతో రాత్రి నిద్ర ముక్కలవుతుంది. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలతో కొందరికి ఒళ్లంతా బరువుగా ఉంటుంది. డెబ్బై దాటిన శరీరం ఇన్నింటినీ ఒకేసారి తట్టుకుంటోంది. కోలుకోవడానికి మూడు నెలలు పట్టడం మామూలే. ఈ వయసులో ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

విసుగు కంటే ఎక్కువ చేటు చేసేది అతిప్రేమ. "కదలకు నాన్నా, నేను తెస్తాగా" అంటూ మంచానికి కట్టేస్తాం. పడుకున్నకొద్దీ కండ కరిగి, నీరసం ఇంకా పెరుగుతుంది. డాక్టరు సరేనంటే ఇంట్లోనే ఐదు నిమిషాల నడక, రోజుకు మూడు నాలుగుసార్లు చేయించండి. మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరైనదే. మాట తెగుతుంటే ఆపి కూర్చోబెట్టండి. ఎముక అతికేదాకా నీళ్ల బిందె, మనవడు, రెండు మూడు కిలోలు దాటిన ఏ బరువూ ఎత్తనివ్వకండి.

అమ్మ అయితే కథ వేరు. "నాకేం, బాగానే ఉన్నా" అంటూ స్టవ్ దగ్గర నిలబడిపోతుంది. ఆమె నీరసాన్ని మీరే కనిపెట్టాలి.

అసలు దెబ్బ తగిలేది మనసుకు. నిన్నటిదాకా ఇల్లు నడిపిన మనిషి ఇవాళ గ్లాసు మంచినీళ్లకు కూడా పిలవాల్సి వస్తోంది. కుర్చీలో కూర్చోబెట్టి చిక్కుడుకాయలకు ఈనెలు తీయమనండి. కరెంటు బిల్లు లెక్క ఆయనకే అప్పజెప్పండి. పరామర్శకు వచ్చేవాళ్లను రోజుకు ఒకరిద్దరికి మించనివ్వకండి. ఆపరేషన్ కథ ప్రతి ఒక్కరికీ మొదటినుంచి చెప్పడం మెట్లెక్కినంత అలసట. ఆ కథ మీరే చెప్పండి. పేపరు ముట్టుకోవడం లేదు, అన్నం సయించడం లేదు, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు అనిపిస్తే వయసు అని సరిపెట్టుకోకండి. గుండె ఆపరేషన్ తర్వాత కుంగుబాటు చాలామందికి వస్తుంది, దానికి వైద్యం ఉంది.

ఒక నోట్‌బుక్ పెట్టండి. పొద్దున్నే టిఫిన్‌కు ముందు చూసిన బరువు, బీపీ, నాడి, నడిచిన నిమిషాలు రాయండి. ఒక్కరోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా ఒంట్లో నీరు చేరుతుందేమో అని అనుమానించి డాక్టరుకు ఫోన్ చేయండి. ఉప్పు ఎక్కువుండే ఆవకాయ, అప్పడం పక్కన పెట్టడం ఇందుకే. రోజురోజుకూ తగ్గాల్సిన నీరసం పెరుగుతున్నా, నాడి లయ తప్పినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా, ఛాతీ ఎముక టక్కుమన్నా ఆ రోజే చూపించాలి. ఛాతీ నొప్పి వస్తే, పడుకుంటే ఊపిరాడకపోతే, స్పృహ తప్పితే వెంటనే 108కి ఫోన్ చేయండి. మాత్రల వల్లే నీరసమని తోచినా సొంతంగా ఆపకండి. మోతాదు మార్చాలా, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడాలా అని డాక్టరునే అడగండి.

వచ్చే చెకప్‌కు ఆ నోట్‌బుక్ పట్టుకెళ్లండి. డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు ముందు నాన్ననే జవాబు చెప్పనివ్వండి.