ఆటకు తగిన యంత్రము

విశాఖపట్నమునుండి సముద్రతీరమున సాగు బాటవెంట ఉత్తరముగా పోయినచో, గోస్తనీనది సాగరమున గలియు తావున భీమునిపట్నము కానవచ్చును. జనులు దీనినే భీమిలి యందురు. 17వ శతాబ్దమున డచ్చి వర్తకులు ఇచ్చట స్థావర మేర్పరచుకొనిరి. 1861లో ఇచ్చట పురపాలక సంఘము నెలకొల్పబడెను. నాటి వర్తకపు ఓడలు నేడు లేవు. కాని డచ్చివారి సమాధులును, దీపస్తంభమును, ఒడ్డున చేపల పడవలును నేటికిని కలవు.

ఈ పట్టణమున నొక చిన్న దుకాణదారుని కుమార్తె ఇంటర్మీడియట్ చదువుచుండెను. కళాశాలలో కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయుట కొంత నేర్చుకొనెను. తానును ఒక ఆటను తయారుచేయవలెనని ఆమెకు కోరిక కలిగెను. నదీముఖమునుండి ఒక పడవ బయలుదేరవలెను. ఇసుకమేటలను, అలలను తప్పించుకొని, ప్రొద్దు గ్రుంకకమునుపే చేపలతో తిరిగి రావలెను. ఇదియే ఆ ఆట. దాని బొమ్మలన్నియు ఆమె నోటుపుస్తకములో గీచి పెట్టుకొనెను.

తండ్రి కూడబెట్టిన సొమ్ము 40,000 రూపాయలు మాత్రమే. మరుసటి యేటి చదువునకును అందులోనుండియే తీయవలసియుండెను. ఆమె పినతండ్రి కుమారుడు వచ్చి, “ఆటలు తయారుచేయు యంత్రము లక్షకు తక్కువ రాదు, చెల్లీ! మిగిలిన సొమ్ము నెలనెల వాయిదాలుగా కట్టవచ్చును” అని చెప్పెను. తండ్రి మారు పలుకలేదు. వాయిదా తప్పిన యింటి బాధ ఆయన యెరుగనిది కాదు. ఆ మౌనమును చూచి బాలిక మనస్సు కలతపడెను.

మరునాడామె తనకు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయునికడకు పోయి సంగతి విన్నవించెను. ఆయన, “అమ్మా! యంత్రము మాట పిదప చూతము. నీవు చేయదలచిన ఆట యేదో ముందు చూపుము” అనెను. ఆమె పుస్తకము విప్పి చూపెను. ఆయన నిదానముగా చూచి యిట్లనెను: “ఇది చదునైన బొమ్మలతో నడచు ఆట. గోస్తనిలో వల వేయువానికి చిన్న నావ చాలును. నడిసముద్రమునకు పోవువానికి మరపడవ కావలెను. నదిలో వేటకు అప్పుచేసి మరపడవ కొన్నవాడు, ఆపై చేపలకొరకు గాక అప్పుకొరకే వేటాడును.”

“అట్లయిన అన్నయ్య చెప్పినది తప్పా, మాస్టారూ?” అని ఆమె యడిగెను.

“తప్పు కాదు. అతడు వేరొక ఆటకు తగిన యంత్రమును చెప్పినాడు” అని ఆయన కంప్యూటరు అంగములను వివరించెను.

ప్రాసెసరు లెక్కలు చేయును. ర్యామ్ పని జరుగునంతసేపు సమాచారమును పరచుకొను బల్లవంటిది. బల్ల ఇరుకైనచో వస్తువులను మాటిమాటికి తీసి పెట్టవలసివచ్చి పని మందగించును. ఎస్.ఎస్.డి. యంత్రము ఆపినను చెరగని భాండాగారము. పాత తిరుగుడు డిస్కుకంటె ఇది మిక్కిలి వేగమైనది. గ్రాఫిక్స్ విభాగము తెరపై బొమ్మలు గీయును. ఇది ప్రాసెసరులోనే యిమిడియుండవచ్చును, ప్రత్యేకమైన కార్డుగను ఉండవచ్చును. ధర మిక్కిలి పెరుగుట తరచు ఈ కార్డువలననే. లోతు, వెలుగునీడలు గల పెద్ద ఆటలకు వాడు అన్‌రియల్ వంటి సాధనమునకు 32 జి.బి. ర్యామ్‌ను, ప్రత్యేకమైన కార్డును దాని నిర్మాతలే సూచింతురు. చదునైన ఆటకో, 8 జి.బి. సరిపోవును, 16 ఉన్న సుఖము. లోపలి గ్రాఫిక్సే చాలును. ఇట్టి ఆటలు చేయుటకు గోడో అను సాధనము 2014నుండి అందరికిని ఉచితముగా లభించుచున్నది.

తరువాత ఉపాధ్యాయుడొక పూర్వకథ చెప్పెను. 1984లో కేంబ్రిడ్జి విద్యార్థులైన డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనువారు ‘ఎలైట్’ అను ఆటను రచించిరి. అది నడచిన బి.బి.సి. మైక్రో యంత్రమునకు గల ర్యామ్ 32 కిలోబైట్లు, 8 జి.బి. అందుకు రెండున్నర లక్షల రెట్లకు పైబడినది. అయినను ఆ ఆటలో 8 నక్షత్రమండలములును, ఒక్కొక్కదానిలో 256 లోకములును కలవు. వానినన్నిటిని దాచుటకు చోటులేక, కావలసినప్పుడు లెక్కచొప్పున పుట్టునట్లు వారు ఏర్పాటు చేసిరి. బ్రేబెన్ పిదప రాస్ప్‌బెర్రీ పై సంస్థ స్థాపకులలో ఒకడయ్యెను. 2012లో ఆ సంస్థ 35 డాలర్లకే చిన్న కంప్యూటరును వెలువరించెను.

“ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు” అని ఆయన కొనసాగించెను. “మన విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివిన రాజా కోడూరి, ఏ.ఎం.డి. సంస్థ గ్రాఫిక్స్ విభాగమునకు అధిపతి యయ్యెను. ఆయన నాయకత్వమున 2016లో వచ్చిన ఆర్.ఎక్స్. 480 అను కార్డు ప్రారంభపు ధర 199 డాలర్లు. శక్తిని పెంచుట యొక విద్య. దానిని సామాన్యునికి అందించుట మరియొక విద్య.”

వారము దినములు గడచినపిమ్మట తండ్రీకూతుళ్లు బస్సెక్కి విశాఖకు పోయిరి. ఒక దుకాణమున, కార్యాలయములో కొన్నియేండ్లు వాడిన బల్లమీది కంప్యూటరు కనబడెను. బాలిక తొందరపడక, మూత తీయించి అదనపు ర్యామ్‌కు చోటు కలదా యని చూచెను, గంటసేపు నడిపించి వేడిమిని, పంకా చప్పుడును గమనించెను, ఎస్.ఎస్.డి. ఆరోగ్యమును పరీక్షించెను, ఆరునెలల హామీని రసీదుమీద వ్రాయించుకొనెను. ల్యాప్‌టాప్ వలె దీనిని వెంట గొనిపోవుటకు వీలులేదు. కాని చెడిన భాగమును మార్చుట సులభము. యంత్రము, తెర, అదనపు ర్యామ్, కరెంటు పోయినపుడు ఆదుకొను యు.పి.ఎస్. అన్నియు కలిసి 31,000 రూపాయలైనవి. మిగిలిన సొమ్మును తండ్రి చదువుకొరకు బ్యాంకులో వేసెను.

కడలిగాలిలోని ఉప్పును తేమయు లోహమును తినివేయును. అందుచే ఆమె యంత్రమును కిటికీకి దూరముగా నుంచెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును అతలాకుతలము చేసిన సంగతి తండ్రి మరువలేదు. ఆయన మాటపై ఆమె తన పనికి రెండవ ప్రతిని తీసి, మేనత్త యింట భద్రపరచుచుండెను.

ఎనిమిది నెలలకు పడవ తెరపై కదలెను. పొరుగింటి పాత యంత్రమున దానిని పెట్టిచూడగా, అడుగడుగునను ఆగిపోవుచుండెను. కారణము వెదకగా, తెరకు బయట నున్న అలలనుగూడ యంత్రము లెక్కించుచున్నట్లు తేలినది. కనబడు అలలను మాత్రమే లెక్కించునట్లు ఆమె ఆజ్ఞలను సవరించెను. పడవ చక్కగా సాగెను. లక్ష రూపాయల యంత్రముండినచో ఆ లోపము ఆమె కంటబడకయే యుండెడిది. నాటి సాయంకాలము వీథిలోని పిల్లలందరు వంతులవారీగా పడవను నడిపిరి. పినతండ్రి కుమారుడును వచ్చి ఆడి, రెండుసార్లు ఇసుకమేటకు తగిలి, నవ్వుచు, “చెల్లీ! ఇంకొక పర్యాయము” అనెను.

కావున యంత్రమును కొనగోరువారు ముందుగా తమ పనిని కొలుచుకొనవలెను. పిదప సొమ్మును కొలుచుకొనవలెను. ఈ రెండు కొలతలకును ఒదిగిన యంత్రమే మేలైన యంత్రము.